పద్నాలుగో నంబరు బస్సూ, కుడి మోకాలూ

రైనో కంగస్‌కి పుట్టుకతోనే నమ్మకం తక్కువ. కొట్లో పాలు కొంటే ముందున్న డబ్బా మీద తేదీ చూసి, వెనకున్న దాని మీద తేదీ కూడా చూసి, వెనకదే తీసుకునే రకం. అలాంటి మనిషి తన మోకాలిని ఇంకొకరి చేతికి అప్పగించాలంటే మాటలా! వయసు అరవై ఏడు. అమెరికాలో ఫిన్లండ్ నుంచి వలసొచ్చినవాళ్ళుండే ఒక ఇనుపగనుల ఊళ్ళో ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా పద్నాలుగో నంబరు స్కూలు బస్సు నడుపుతున్నాడు. భార్య హెల్మి పోయాక పొద్దున లేవడానికి ఆయనకి మిగిలిన కారణం ఆ బస్సొక్కటే.

మార్చిలో డులూత్ పట్నం ఆసుపత్రిలో సర్జన్ ఎక్స్‌రే చూపించాడు.

"ఎముక మీద ఎముక రాసుకుంటోందండీ. కీలు మార్చాల్సిందే."

"ఈ ఫొటో నా కాలుదేనా?"

"మీ పేరుంది చూడండి."

"పేరు ఎవరైనా రాస్తారు."

ఇంకెప్పుడైనా అయితే లేచి వచ్చేసేవాడే. కానీ ఆగస్టు చివర డ్రైవర్లందరికీ పరీక్ష ఉంటుంది. బస్సు మెట్లు మూడుసార్లు గబగబా ఎక్కి దిగాలి. కిందటేడు పళ్ళు బిగబట్టి గట్టెక్కాడు, ఈసారి అది జరిగే పని కాదు. జూన్ మొదట్లో ఆపరేషన్ అయితే పన్నెండు వారాలకి కాలు దారికొస్తుంది. కాకపోతే బస్సు పోతుంది. అందుకే ఒప్పుకున్నాడు. సంతకం పెట్టే ముందు నాలుగు పేజీలూ అక్కడే కూర్చుని చదివాడు. నర్సు రెండుసార్లు గడియారం చూసింది.

తర్వాత పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి చీటీ తెమ్మన్నారు. చిగుళ్ళలో చీముంటే అది కొత్త కీలుకి పాకుతుందట. "నువ్వూ ఆ సర్జనూ కలిసి చేపలు పట్టడానికి వెళ్తుంటారా?" అని రైనో పళ్ళాయన్ని మొహమ్మీదే అడిగాడు. నోట్లో అద్దం ఉండగానే అడిగాడు, పాపం ఆయనకి సగమే అర్థమైంది.

ఆపైన క్లాసు. మోకాలు మార్పించుకునేవాళ్ళందరినీ కూర్చోబెట్టి రెండు గంటలు పాఠం చెప్తారు. తోడు మనిషి లేకుండా రానివ్వరు. ఇంటికొచ్చాక మొదటి వారం పక్కనుండి చూసుకోవలసింది ఆ మనిషే. రైనోకి పిల్లల్లేరు, చెల్లెలు అరిజోనాలో ఉంది. బస్సుల షెడ్డులో ఈ సంగతి తెలిసి డార్లా ప్రెబిచ్ తనంతట తానే వస్తానంది. డార్లా ఎవరు? డ్రైవర్లలో ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ బస్సు నడిపే మనిషి. ఆరేళ్ళుగా సొంత బస్సు లేకుండా తిరుగుతోంది. రైనో పడుకుంటే పద్నాలుగో నంబరు ఎవరి చేతికొస్తుంది? ఆమె చేతికే. ఇంక రైనోకి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

మే నెలలో ఆమె ఆయన ఇంటికొచ్చి, హెల్మి నేసిన చాపల్లాంటి తివాచీలు కాలికి తట్టుకుంటాయని అన్నీ చుట్టి గోడకి ఆనించింది.

"నా కాలు చూసుకోడానికొచ్చావా, నా ఇల్లు చూసుకోడానికొచ్చావా?" అన్నాడు రైనో.

"రెండూ కాదు. నీ కాఫీ బావుంటుందన్నారని వచ్చా. అదీ అబద్ధమే."

ఆసుపత్రివాళ్ళిచ్చిన గులాబీరంగు సబ్బునీళ్ళ సీసాలు బల్లమీద పెట్టి కాగితం చదివి వినిపించింది. ముందురోజు ఓసారి, ఆపరేషన్ రోజు పొద్దున ఓసారి రుద్దుకోవాలి. కాలికి గెడ్డంకత్తి తగలనివ్వకూడదు. చర్మం మీద చిన్న గీత కూడా ఉండకూడదు. ఏదైనా దాచిందేమోనని, ఆమె వెళ్ళాక రైనో మొత్తం మళ్ళీ చదివాడు. ఏమీ దాచలేదు.

ఆ సబ్బుని మాత్రం నమ్మలేకపోయాడు. నురగ రాదు, వాసన లేదు. ఒళ్ళు శుభ్రమవడమంటే ఆయనకి పెరట్లోని సౌనాయే. ఆయన పుట్టింది ఆ ఆవిరిగదిలోనే, తల్లి పోయినప్పుడు ఆవిడకి చివరి స్నానం చేయించిందీ అక్కడే. సౌనా వల్ల గాయమవుతుందన్న మాట ఆ ఫిన్నులలో ఎవరికీ తట్టదు. ఆపరేషన్ ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, పొయ్యి రాజేసి, రాళ్ళమీద నీళ్ళు చల్లి, సౌనాలో అందరూ చేసేట్టే లేత బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో ఒళ్ళంతా కొట్టుకున్నాడు. కుడి కాలికి రెండింతలు పడ్డాయి. ఆ తర్వాత, కాగితంలో ఉంది కదా అని, గులాబీ నీళ్ళూ పోసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే డార్లా కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఏ మోకాలని ఒకరి తర్వాత ఒకరు ఐదుగురు అడిగారు. "మీలో మీరు మాట్లాడుకోరా?" అన్నాడు రైనో ఐదో మనిషితో. ఆరో మనిషి, ఒక నర్సు, దుప్పటి తీసి లైటు దగ్గరికి లాగింది. మోకాలి చుట్టూ సన్నటి గీతలు, ఎనిమిదో తొమ్మిదో. రెండు అప్పుడే పక్కు కట్టాయి.

"ఇవేంటండీ?"

"శుభ్రం," అన్నాడు రైనో.

సర్జన్ వచ్చి వేలితో తడిమాడు. "ఇందులోంచి క్రిమి లోపలికెళ్తే కొత్త కీలు పీకెయ్యాలి. కాలే పోవచ్చు. ఇవాళ చెయ్యను." తర్వాత ఖాళీ ఉన్న రోజు జూలై ఇరవై తొమ్మిది. రైనో వేళ్ళమీద పన్నెండు వారాలు లెక్కపెట్టాడు. అక్టోబరు వచ్చేసింది.

డార్లా వైపు తిరిగాడు. "గీతల సంగతి నువ్వే చెప్పావు కదూ?"

"ఏం చెప్పాలి? నిన్నంతా నేను మా అక్క ఇంట్లో ఉన్నా. ఆ నర్సమ్మాయికి కళ్ళున్నాయి రైనో."

ఇక అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు, కొమ్మల కట్ట పట్టుకున్న తన చెయ్యి తప్ప. కారు దాకా వచ్చాక ఎక్కలేక తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఆయనకి ఏడుపొచ్చింది.

"బస్సు పోయింది," అన్నాడు.

"పోలేదు. ఏప్రిల్లోనే షెడ్డులో చెప్పేశా. పద్నాలుగు నీ పేరు మీదే ఉంటుంది, నువ్వు పరీక్ష పాసయ్యే దాకా నీ బదులు నేను తిప్పుతా. క్రిస్మస్ అయినా సరే."

"దీంట్లో నీకేం వస్తుంది?"

"చదువుకునే రోజుల్లో మా పెద్దాడు నీ బస్సుకి రోజూ ఆలస్యమే. నువ్వు హారన్ కొట్టి, తిట్టి, ఆగేవాడివి. పన్నెండేళ్ళలో ఒక్కరోజూ వాణ్ణి వదిలేసి పోలేదు."

రైనో తలుపు వదిలి ఆమె వైపు తిరిగాడు. "రాసివ్వు," అన్నాడు.

డార్లా నొచ్చుకోలేదు. ఆసుపత్రి కాగితం వెనక, కారు మీద ఆనించి, రాసింది. తేదీ వేసింది, సంతకం పెట్టింది. రైనో కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. మొదటి వరస దగ్గర ఆగి, మిగతాది చదవకుండానే మడిచి, ఆమెకే ఇచ్చేశాడు.

"నీ దగ్గరే ఉండనీ," అని కారెక్కాడు.