తేలికైన ఫైలు

కంఠేశ్వర్‌లో డీటీపీ సెంటర్ నడిపే ఆయన, ఎవరేమడిగినా మానిటర్‌ని మన వైపు తిప్పేవాడు. అదే ఆయన జవాబు. ఫొటోను పేజీలోనే ఎంబెడ్ చేయడం ఆయనకు గిట్టదు. ఫొటో వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, పేజీలో దాని లింక్ మాత్రమే పెడతాడు. "లేకుంటే ఫైల్ బరువైతదన్నా" అనేవాడు, ఆ బరువేదో తానే నెత్తిన మోస్తున్నట్టు!

అమ్మ దశదినకర్మ కార్డు ఆయనతోనే చేయించాను. పేజీ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసి ప్రెస్సుకు పంపాడు. ఫొటో ఆయన కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. అమ్మ ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు గళ్లు అచ్చయ్యాయి. నేను చూసేసరికే వర్నిలో చుట్టాలకు కార్డులు పంచేశారు. మా చిన్నమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"గీ గళ్లల్ల మా అక్క ఏడున్నది బిడ్డా?"

మర్నాడు తిట్టడానికే వెళ్లాను. ఆయన తొణకలేదు, మానిటర్ తిప్పాడు. "సూడన్నా, నా దగ్గర పైలంగనే ఉన్నది."

నిజమే. ముక్కుపుడకతో సహా అమ్మ నవ్వుతోంది. ఆమె ఎదుట ఎవరినీ తిట్టే అలవాటు నాకు లేదు. ఆ దద్దమ్మ అలా బతికిపోయాడు.