జామపుల్లల పెట్టె

మొన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర మొక్కల ఆటో ఒకటి ఆగింది. జామ, సపోటా, దానిమ్మ, ఏది తీసుకున్నా ఏడాదిలో కాపు అని మైకులో ఒక ఆడగొంతు చెప్పిందే చెబుతోంది. మా ఆవిడ జామమొక్క ఒకటి చేతిలోకి తీసుకుని ఆకులు తిప్పి చూసింది. ఇంటి వెనక జాగా లేదన్నాను. పదడుగుల జాగా ఉంది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. మొక్కను మళ్ళీ ఆటోలో పెట్టేసి కరివేపాకు కట్ట కొనుక్కుని వచ్చింది. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన వాణ్ణి, వానలో స్తంభాలెక్కిన వాణ్ణి, జానెడు జామమొక్కను చూసి జడుసుకుంటానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ.

చేజర్లలో నేనూ మా అక్కా పుట్టిన ఇంటి పెరట్లో మా అవ్వ నాటిన జామచెట్టు ఉండేది. కాయ పైకి తెల్లగా ఉంటుంది, కొరికితే లోపల ఎర్రగా, గింజలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. గింజ నాటితే ఆ రుచి రాదని అవ్వ చెప్పేది, నాటి చూశాం, నిజంగానే రాలేదు. కొన్నేళ్ళ కిందట ఇల్లు కూలిపోయే స్థితికి వస్తే అక్కతో ఒక మాట చెప్పి నేనే అమ్మేశాను. ఇచ్చేముందు చెట్టుకు అంటు కట్టించమని అక్క అడిగింది. అంటు కట్టాలంటే కొమ్మ చెట్టునే ఉండాలి, అక్కడే దానికి మట్టి కట్టి వేరు రప్పించాలి. ఈ వారం, వచ్చే వారం అని నేను నానుస్తుండగానే కొన్నవాళ్ళు జేసీబీ తెచ్చి పెరడంతా చదును చేశారు. నేను వెళ్ళేసరికి చెట్టు పక్కకు ఒరిగి ఉంది, ఆకు మాత్రం ఇంకా వాడలేదు. దొరికిన కొమ్మలు నరికి, తడి గోనెసంచిలో చుట్టి, బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని ఉదయగిరి కొండకింద అక్కావాళ్ళ ఊరికి తీసుకెళ్ళాను. అక్క సంచి విప్పి కొమ్మల్ని చూసింది, నన్ను చూసింది. తిట్టలేదు. “ఇంక అంటు కట్టేదానికి లేదు. పుల్లలకే వేర్లు పుట్టియ్యాల” అంది.

జామపుల్లకు వేరు రావడం గన్నేరుకొమ్మకు వచ్చినంత సులువు కాదు. వేరు పుట్టేదాకా పైన ఆకు ఎండకూడదు, కింద మొదలు కుళ్ళకూడదు. సన్నటి తుంపర పడుతూ ఆగుతూ ఉండాలి. అక్క చదివింది ఎనిమిదో తరగతి. అయితేనేం, ఫోనులో వీడియోలు చూసి అంతా ఆకళింపు చేసుకుంది. చేపలమ్మే అతని దగ్గర పాత థర్మాకోల్ పెట్టె అడిగి తెచ్చి, వాగు ఇసుక కడిగి నింపింది. బావ నిమ్మతోటకు మందు కొట్టే స్ప్రేయర్‌లోంచి మోటారూ నాజిలూ పీకి, మందు వాసన పోయేదాకా శీకాయతో కడిగింది. ఎప్పుడు తడపాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే చిక్కు. టైమర్ కొనిస్తానన్నాను. “టైమరుకు ఎండా మబ్బూ తెలస్తాదా?” అని, ఉదయగిరిలో చెక్కే కర్రగరిటె ఒకటి తీసుకుని నడుమ దారం కట్టి వేలాడదీసింది. చివర టీ వడగట్టే జాలీ బిగించింది. తుంపర పడి జాలీ బరువెక్కితే గరిటె కిందికి వాలి, రెండో కొస స్విచ్చును వదిలేసి మోటారు ఆగుతుంది. జాలీ ఆరితే గరిటె పైకి లేస్తుంది, మోటారు నడుస్తుంది. రెండోరోజుకే గరిటె నీళ్ళు తాగి లేవనని మొండికేస్తే ఆముదం పట్టించి దారికి తెచ్చింది. ఇంటి కరెంటుకు కలిపే వైరింగ్ ఒక్కటే నాది.

“మనుషులకు కూలర్ దిక్కులేదు, మీ అక్క పుల్లలకు ఏసీ పెట్టినాది, చూసినావా బామ్మర్దీ” అనేవాడు బావ. అంటూనే, బోరునీళ్ళ ఉప్పుకు నాజిల్ మూసుకుపోతోందని తాగే నీళ్ళ క్యాను తానే ఎత్తి మోటారు తొట్లో పోసేవాడు. పందొమ్మిది పుల్లలు. ఒక్కదాన్ని పీకి వేరొచ్చిందో లేదో చూద్దామంటే అక్క ఒప్పుకునేది కాదు. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం బావ అన్నం తిని, ఆ పెట్టె ఉన్న వసారాలోనే మంచమ్మీద నడుము వాల్చాడు. మళ్ళీ లేవలేదు.

పోయిన నక్షత్రం మంచిది కాదనీ, ఇల్లు ఆరు నెలలు పాడుబెట్టాలనీ అయ్యవారు పంచాంగం చూసి చెప్పాడు. మా వైపు ఈ పట్టింపు గట్టిది. పెద్దకర్మ అయ్యాక ఇంటికి తాళం వేసి గడపకు రేగికంప అడ్డం పెడతారు. గడువు తీరకముందు లోపల అడుగుపెడితే ఇంకో చావు తప్పదని భయం. బట్టలూ గిన్నెలూ తీసుకోవచ్చుగాని, ప్రాణం పోయిన తావులోది ఏదీ బయటికి రాకూడదన్నాడు బావ అన్న. ఆ పదకొండు రోజులూ, ఇల్లంతా ఏడుపులతో ఉన్నా, వసారాలో మోటారు తన పాటికి తాను నడుస్తూ ఆగుతూనే ఉంది. మూలన కూర్చున్న అక్క ఆ చప్పుడు వింటున్నదని నాకు తెలుసు.

తాళం వేసే ముందు అక్క నా చెయ్యి పట్టుకుంది. “అబ్బయా, ఆ పెట్టె ఒక్కటి బయట పెట్టియ్యరా. నువ్వు చెప్తే ఇంటారు.” బావ అన్న చెవిన పడింది. “మొగుడు పొయ్యి పదకొండు దినాలు కాలా, పుల్లల మీద ధ్యాసేందమ్మా?” అన్నాడు. నేను ఒక్క మాట అంటే ఆయన తగ్గేవాడే. నాకు నమ్మకాలు లేవని నలుగురిలో చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ పూట మాత్రం నా పిల్లలు గుర్తొచ్చారు. నేల చూస్తూ నిలబడ్డాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పెట్టెను బయటికి తేవద్దన్నారుగాని ఆపమని ఎవరూ అనలేదు, తొట్టి నిండా నీళ్ళున్నాయి. ఇల్లు తాళం వేస్తుంటే మెయిన్ ఆపడం నా ఉద్యోగం నేర్పిన అలవాటు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఆపేశాను. లోపల చప్పుడు ఆగింది. అక్క తల తిప్పి నావైపు చూసింది.

అక్క ఆరు నెలలూ నిమ్మతోటలోని మోటారు కొట్టంలో గడిపింది. కంప తీసిన రోజు పుణ్యాహవచనం నీళ్ళు ఇంకా ఆరకముందే వసారాలోకి వెళ్ళి పెట్టె ముందు కూర్చుంది. ఆకులన్నీ రాలి పొడుమైపోయాయి. ఒక్కో పుల్లా పీకి గచ్చుమీద వరసగా పెట్టింది. ఏడెనిమిది ఉత్త పుల్లలే. మిగతా వాటికి అడుగున వేలెడేసి పొడవున వేర్లు, ఎండి, ఇసుకను కరిచిపట్టుకుని ఉన్నాయి. వేలితో తాకితే విరిగిపోతున్నాయి.

“వచ్చినాయిరా” అంది అక్క. “మనం తలుపేసేటప్పటికే వచ్చినాయి.”

నువ్వు అని ఉంటే తట్టుకునేవాణ్ణి. మనం అంది.

అక్క బాగానే ఉంది. వారానికోసారి ఫోను చేస్తుంది, నా బీపీ ఎంతుందో అడుగుతుంది. ఆ పెట్టె మాట ఎన్నడూ ఎత్తలేదు. మొక్క తెచ్చిస్తానని నేనూ అనలేదు, ఆ చెట్టు ఇప్పుడు ఎక్కడుందని తెచ్చేది? ఆరు నెలలు పాడుబెడితే దోషం పోతుందన్నారు. ఇంటికి పోయిందేమోగాని, నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఆ గడువు తీరలేదు.