కరెంటు పోయినా నడిచిన మీటింగ్

పెళ్లయి బోధన్ వచ్చాక నా హైదరాబాద్ ఆఫీసు ముందుగదిలోని ఒక్క గోడకు కుదించుకుపోయింది. ఇంట్లో పెచ్చులూడని గోడ అదొక్కటే. కెమెరాలో ఇస్త్రీ కుర్తా, దువ్విన తల, వెనక తెల్లటి గోడ. కెమెరాకు అందనంత కింద, నేలమీద మా అత్తమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. పాటలు మోగించుకుంటూ చెరుకు ట్రాక్టర్ వీధిలోకి వస్తుంటే నాకంటే ముందే విని, మ్యూట్ నొక్కమని సైగ చేసేది. మీ ఇల్లు ఎంత నెమ్మదో అని మా మేనేజర్ మెచ్చుకునేవాడు. ఆ పుణ్యమంతా అత్తమ్మదే.

నిజం చెప్పొద్దూ, నేను ఆఫీసును మోసం చేసింది తక్కువ, ఇంటిని చేసింది ఎక్కువ. మీటింగులు మూడింటికల్లా అయిపోయినా హెడ్‌ఫోన్ తీసేదాన్ని కాదు. తెల్లవారుజామునే లేచి వంట, ఆ తర్వాత ఆఫీసు. మధ్యాహ్నానికి ఒళ్లు తూలిపోయేది. ఒక్క గంట నిద్ర కావాలి, అంతే. అడగడానికి నోరు రాలేదు. పట్టపగలు పడుకునే కోడలని పేరొస్తుందని భయం. అందుకే చెంపకు చెయ్యి ఆనించి, ఎవరూ లేని తెరతో "యస్ సర్, ష్యూర్ సర్" అంటూ మధ్యమధ్య కునుకు తీసేదాన్ని.

ఒకరోజు పక్కింటామె వచ్చి కూర్చుంది. నేను వెంటనే మీటింగులో పడ్డాను. "ఈరోజే పంపిస్తా సర్" అంటుండగా ఫ్యాను ఆగింది. నిద్రమత్తులో నాకా సోయి లేదు. ఇంకో రెండుసార్లు సర్ అన్నాక అత్తమ్మ ఫోను కనిపించింది. అందులో సీరియల్ ఆగిపోయి ఉంది. ఇద్దరికీ ఉన్నది ఒకే వైఫై, అది కరెంటుతోపాటే పోయింది.

"కరెంటు వాయె గదా, మీటింగ్ ఎట్ల నడుస్తున్నది?" పక్కింటామె అడగనే అడిగింది.

"గది కంపెనీ మీటింగ్. దానికి కరెంటుతోని పనిలేదు. లే, అరుగుమీద కూసుందాం" అని అత్తమ్మ ఆమెను బయటికి తీసుకుపోయింది.

కాసేపటికి ఒక్కతే లోపలికొచ్చింది. నేను తలెత్తలేకపోయాను.

"మీటింగ్ లేకుండె అత్తమ్మా. ఊకెనే మాట్లాడిన."

"నెల సంది నాకెర్కనే బిడ్డా" అని నవ్వింది. "నేను కొత్తగ వచ్చినప్పుడు గిట్లనే చాట ఒళ్లె పెట్టుకొని కూసునేది. చాట ఉన్నదంటె ఎవ్వరు ఇంకో పని జెప్పకపోదురు. రెండాకులు కత్తిరిచ్చుడు, ఒక కునుకు తీసుడు."

మాట్లాడుతూనే చాప పరిచి, తలకిందికి మెత్త వేసింది. "నేనైతె కూసొనే నిద్రపోయిన. నువ్వు పండుకో."

నాకు ఏడుపొచ్చింది. అంత కృతజ్ఞత నాకు ఎవరిమీదా కలగలేదు. ఆమె తలుపు దగ్గరికి వేసి మళ్లీ అరుగుమీదికి వెళ్లింది. కోడలి మీటింగ్ అయిందా అని పక్కింటామె అడగడం వినబడి, చాపమీదే బిగుసుకుపోయాను.

"మీటింగ్ లేదు, ఏం లేదు" అంది అత్తమ్మ. "అలసిపోయింది నా బిడ్డ. పండుకున్నది."