ఒక్క పుల్ల తేడా

నాకు ముళ్ల గడియారమే ఇష్టం. అక్షరం ముక్క రాని రోజుల నుంచీ దాంట్లో టైము చూసేదాన్ని. చుట్టూ ఉన్న అంకెల్లో ఒక్కటీ తెలియదు. అయినా తప్పు పోలేదు. మోటరు గదిలో మేకుకు తగిలించి ఉండేది. పెద్ద ముల్లు నిటారుగా నిలబడి, చిన్న ముల్లు తలుపు వైపు పడుకుంటే తొమ్మిది. అంతే నా చదువు.

మా ఆయన బొంబాయి కూలికి పోయి తెచ్చిన గడియారం అది. మాది కోస్గి పక్క పల్లె. ఏడాదిలో సగం ఆయన అక్కడే ఉండేవాడు. బావి కింది వరి నేనే చూసుకునేదాన్ని. బావి మాకూ మా మరిదికీ ఉమ్మడి. కరెంటు పొద్దున ఆరింటికి వచ్చి పన్నెండింటికి పోయేది. తొమ్మిది దాకా నీళ్లు నా మళ్లకు, ఆ తర్వాత అతని మళ్లకు. ముల్లు పడుకోగానే నా వైపు కాలువకు మట్టి అడ్డం వేసి, అతని వైపు తెరిచేదాన్ని. ఇంకా ఎంతసేపు ఉందో ఇద్దరికీ కనబడుతూనే ఉండేది. గొడవకు చోటేది?

మరిది అంటున్నాను గానీ, నేను కాపురానికి వచ్చేనాటికి అతనికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. మా అత్తకు ఉబ్బసం. నీళ్లు పోసింది నేను, అన్నం కలిపి పెట్టింది నేను. నా కడుపున పుట్టినవాళ్ల కంటే ముందు నా చంకనెక్కినవాడు.

ఎనభైలు అయిపోతుండగా అతను మహబూబ్‌నగర్ పోయి నంబర్ల గడియారం కొనుక్కొచ్చాడు. చేయి నా ముందుకు చాపి, "వదినె, నువ్వే కట్టు" అన్నాడు. మురిసిపోయి కట్టాను. దానికి ముళ్లు లేవు, చప్పుడు లేదు. బూడిద రంగు అద్దంలో నల్లటి పుల్లలు మాత్రం ఉన్నాయి.

కొన్నాళ్లకు మోటరు గదిలో గడియారం వైపు చూసి తల ఊపాడు.

"ఇది ముసల్దైంది వదినె. దినాం జర ఎన్కకు పోతాంది. నా దాంట్ల సెకండు గూడ తప్పదు."

"మరి నాకెట్ల తెలుస్తది రా?"

"నేను లేనా? తొమ్మిది కాంగనే చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

నా చేతులతోనే దాన్ని దించి, గుడ్డలో చుట్టి సందుగలో పెట్టాను.

ఆ ఏటి నుంచి నా చివరి మడికి నీళ్లు అందలేదు. కంకి వేసే వేళకు పసుపు బారేది. "ఊట తగ్గింది వదినె" అన్నాడతను. అవునేమో అనుకున్నాను. అతని మళ్లు పచ్చగా ఉంటే, బావికి దగ్గర కదా అనుకున్నాను. చివరి మడి గట్టు మీద కూర్చుని దేవుణ్ణి తిట్టాను గానీ, అతన్ని ఒక్క మాట అనలేదు.

తొంభైల్లో ఊళ్లో పెద్దవాళ్లకు సాయంత్రం పూట చదువు మొదలైంది. తల నెరుస్తున్న వయసులో పలక పట్టాను. "మా వదినె కలెక్టరైతది, ఇగ మాకు జీతాలే" అని మరిది నవ్వేవాడు. చదువు చెప్పే పిల్ల ఎనిమిది రాసి చూపించింది.

"మా మరిది చేతి మీద గిట్లుండదు. మూలలుంటయి" అన్నాను.

ఆ పిల్ల చీపురు పుల్లలు విరిచి నేల మీద పేర్చింది. "చూడు పెద్దమ్మా, ఎనిమిదిల అన్ని పుల్లలుంటయి. కింద ఎడమ పక్కది తీసేస్తే తొమ్మిది." ఒక పుల్ల తీసింది. ఎనిమిది తొమ్మిదైంది. నాకు తమాషాగా అనిపించింది, అంతే. మనసులో ఏ అనుమానమూ లేదు.

తర్వాత ఒకరోజు పొద్దున మరిది పైపు కింది తొట్టిలో స్నానానికి దిగుతూ, తడుస్తుందని గడియారం విప్పి నా చేతికిచ్చాడు. ఎప్పుడూ అట్లాగే ఇచ్చేవాడు. అతని లెక్కలో, అంకెలు రాని నా చేతిలో ఉంటే చెట్టు కొమ్మకు తగిలించినట్టే కదా. చూశాను. ముందు అంకెలో అన్ని పుల్లలూ ఉన్నాయి.

అతను తల తుడుచుకుంటూ వచ్చి, కట్టుకుని, చూసుకుని అన్నాడు: "తొమ్మిదైంది వదినె. ఇగ నా దిక్కు ఇడువు."

"తొమ్మిదా?"

"ఆ, తొమ్మిదే."

"తొమ్మిదైతే కింద ఎడమ పుల్ల ఉండొద్దు గద రా. నీ దాంట్ల ఉన్నది."

నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. "గా పుల్ల... గది ఖరాబైంది వదినె. తొమ్మిదిల గూడ కనవడ్తాంది."

నిజం చెబుతాను, ఆ మాట కూడా నమ్మాలనిపించింది. "అయితే నిలవడు, చూద్దాం" అని మణికట్టు పట్టుకున్నాను. గుండీలు పెట్టేటప్పుడు పట్టుకున్న చెయ్యే. తడి ఇంకా ఆరలేదు. నీళ్లు నా మళ్లలోకి పోతూనే ఉన్నాయి.

"మంది చూస్తే నవ్వుతరు, ఇడువు" అన్నాడు.

"నవ్వనియ్."

చాలాసేపు నిలబడ్డాం. అతను గడియారం చూడలేదు, నన్నూ చూడలేదు. ఉన్నట్టుండి ఆ ఒక్క పుల్ల మాయమైంది. చక్కటి తొమ్మిది.

"ఖరాబైన పుల్ల మంచిగైంది రా" అన్నాను.

చెయ్యి లాక్కుని పోయాడు. తొమ్మిదైంది కాబట్టి కాలువ అతని వైపు తిప్పి, ఇంటికి వచ్చి సందుగ తెరిచాను. గడియారానికి కీ ఇచ్చి, రేడియో వార్తల వేళకు ముళ్లు పెట్టుకున్నాను. మర్నాడు వార్తల వేళకు పెద్ద ముల్లు నిటారుగా నిలబడింది. ఆ మర్నాడూ అంతే. దానికి ముసలితనమూ లేదు, వెనకబడడమూ లేదు. నీళ్ల దొంగతనం కంటే ఇదే నన్ను ఎక్కువగా కాల్చింది. ముందే అనుకుని, నా చేతులతోనే దింపించాడు.

మా ఆయన బొంబాయి నుంచి రాగానే చెప్పాను. ఆయన చుట్ట వెలిగించి, "జరంత నీళ్లకు తమ్మునితోటి లొల్లి పెట్టుకుంటవా? మంది ఏమనుకుంటరు?" అన్నాడు. ఆ మడికి నీళ్లు మోసింది నేను, దాని ఎండు కంకులు కోసింది నేను. ఇక ఎవరికీ చెప్పలేదు.

గడియారం మళ్లీ మేకుకు తగిలించాను. ఆ పంటకు చివరి మడి పండింది. మరిది మాత్రం ఆ రోజు నుంచి నన్ను వదినె అని పిలవలేదు. చెప్పాల్సింది ఉంటే భార్యతో చెప్పించేవాడు.

ఇప్పుడు ఇంట్లో అందరి చేతుల్లోనూ నంబర్లే. టైమెంత అని అడిగితే చెబుతారు. చెప్పినా, నా కళ్లతో చూడందే లేవను.

"నమ్మవా అవ్వా?" అంటుంది మనవరాలు.

"నమ్మ. ఇటు చూపియ్."

విసుక్కుంటూ చెయ్యి తిప్పుతుంది. ముందు కింద ఎడమ పుల్ల చూస్తాను.