పన్ను కోసం పెట్టిన పొయ్యి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పత్తికొండలో మాది నూనెలు, పప్పులు, బెల్లం అమ్మే అంగడి. మా బావ, మా ఆయన కలిసి నడిపేవారు. ఇంట్లో బావ, అక్క, మేమిద్దరం, మా అత్త. అక్క అంటే నా తోడికోడలు. అందరికీ ఒకటే పొయ్యి, ఒకటే కుండ.

ఆ కుండ మీదికే వచ్చింది అమ్మకం పన్ను. ఏడాది అమ్మకాలు ఒక హద్దు దాటితే అంగడివాడు పన్ను కట్టాలి, దాటకపోతే అక్కర్లేదు. మాది దాటుతోంది. బేరానికి వచ్చినవాళ్లను పన్ను అడిగితే పక్కంగడికి పోతారు, అడగకపోతే మా లాభంలోంచి పోతుంది. కర్నూలులో ఒక వకీలు బావకు ఉపాయం చెప్పాడు. అన్నదమ్ములు భాగాలు పంచుకుని రెండంగళ్లు చేసుకుంటే, దేనికదే హద్దు లోపల ఉంటుందట. అయితే ఆఫీసరు ఇంటికొచ్చి చూస్తాడు. ఒకే పొయ్యి మీద వండుకు తింటూ వేరుపడ్డామంటే నమ్మడు. దొంగ భాగాలని తేలితే పాత ఏళ్లవి కూడా తిరగదోడి జరిమానా వేస్తాడు. ఇక మేం అంగడి మూసుకోవడమే.

"ఉత్తుత్తి భాగాలే గదమ్మా. ఆయప్ప వచ్చి చూసిపోయేదాంక" అన్నాడు బావ అత్తతో.

"మీ నాయన ఉన్నన్నాళ్లు ఈ మాట ఇంట్లో పుట్టల్యా. మీ ఇష్టమప్పా" అని ఊరుకుంది అత్త.

అంగడి మధ్య రేకులు అడ్డం కట్టి రెండు బోర్డులు పెట్టారు. ఇంట్లో పెరటి పంచలో నాకో కొత్త పొయ్యి. అది కొత్తగా కనిపిస్తే కొంప మునుగుతుందని రోజూ చెనక్కాయ పొట్టు మండించి గోడ నల్లబరిచాను. కళ్లు మండి నీళ్లు కారుతుంటే, ఈ చట్టం రాసిన మహానుభావుణ్ని తెచ్చి ఈ పొయ్యి ముందర కూర్చోబెట్టాలని తిట్టుకునేదాన్ని. తిండి మాత్రం అక్క దగ్గరే. ఊరగాయ కూడా రెండు జాడీల్లోకి తీశాం. ఉప్పు, చింతపండు నాకు సర్ది ఇస్తూ అక్క, "నిజంగానే నిన్ను పంపిస్తాండట్ల ఉండాదే" అని కళ్లు తుడుచుకుంది.

ఆఫీసరు ఒకరోజు పొద్దున చెప్పాపెట్టకుండా అంగడికి వచ్చాడు. మా ఆయన దొడ్డిదారిన పరిగెత్తుకొచ్చి, "వస్తాండాడు, కుండ పెట్టు" అన్నాడు. గబగబా పోయబోతే బియ్యం సగం పొయ్యి పక్కనే పడ్డాయి.

బావ వెంటబెట్టుకొచ్చిన ఆఫీసరు కోస్తావైపు మనిషి. గుమ్మం దగ్గరే నిలబడి గోడమీది మసి చూశాడు. నా చేత కుండ మూత తీయించాడు. జాడీ చూశాడు.

"మీ వంట వేరేనా అమ్మా?"

"అవునండీ" అన్నాను.

తనిఖీ అంతా అయిపోయింది. పడసాలలో అత్త కందిపప్పులో రాళ్లు ఏరుతూ కూర్చుని ఉంది. ఆఫీసరు చెప్పులు తొడుక్కుంటూ ఆమెను చూసి, అన్నదమ్ముల వైపు తిరిగాడు.

"మీ అమ్మగారు ఎవరి దగ్గర భోంచేస్తారు?"

ఆ ఒక్కటీ మేం అనుకోలేదు. గంటెలు పంచాం, చేటలు పంచాం, బావి చేంతాడు కూడా పంచాం. అత్తను పంచాలని ఎవరికీ తోచలేదు.

"తమ్ముని కాడండీ" అన్నాడు బావ.

"అన్న కాడండీ" అన్నాడు మా ఆయన, అదే క్షణంలో.

దొరికిపోయాం, అంగడి పోయింది అనుకున్నాను. ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అత్త వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఇంకేమీ అడగక్కర్లేదు. మీరు నిజంగానే వేరుపడ్డారు" అని జవానును పిలుచుకుని వెళ్లిపోయాడు.

గట్టెక్కామని అన్నదమ్ములు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా మా ఆయన, "తడబడి అన్నానే" అనేవాడు. తడబడితే తడబడ్డారు. "నా దగ్గర" అని ఇద్దరిలో ఒక్కరి నోటికైనా ఎందుకు రాలేదు?

మధ్యాహ్నం అక్క అందరికీ పళ్లేలు పెట్టింది. అత్త రాలేదు. పెరట్లోకి పోయి చూస్తే, బావి పక్కన మూడు రాళ్లు పేర్చి, చిన్న గిన్నెలో ఎసరు పెట్టి బియ్యం పోస్తోంది. బావ పరుగున వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, అది ఆయప్ప కోసరం అన్న మాటమ్మా. ఉత్తుత్తిదే."

అత్త ముఖంలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆమె పుల్లను మంటలోకి తోసింది.

"ఆయప్ప వచ్చే ఏడు గూడా వస్తాడు గదప్పా. అప్పుడు తడబడాకండి. ఆమె కాడ ఆమే తింటాండాదని చెప్పండి. నిజమే చెప్పినట్లయితాది."