మేడమీద గదికి పన్ను

పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కుట్టుమిషను మీదే ఉంటుంది కాబట్టి ఆ వీధిలో ఆమెను అందరూ మిషనక్క అనేవారు. అత్తగారు పోయాక మేడమీద గది ఖాళీ పడింది. చెల్లెలు పోరుపెట్టి, ఆ గది ఫొటోలు తీసి, రోజువారీ అద్దెకని ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి రెండ్రోజులుండి పోయేవారు. మిషనక్క దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, గదిని అద్దంలా ఉంచేది. వచ్చిన డబ్బుతో కారుతున్న కప్పు బాగుచేయించుకుని మురిసిపోయింది.

ఒక ఉదయం గది ఖాళీ చేస్తూ ఒకావిడ రసీదు అడిగింది. మాటల్లో మాటగా, "పన్నుకి లెక్క చూపిస్తున్నారు కదా?" అంది.

"అదంతా ఆ వెబ్‌సైటువాళ్లే పట్టుకుంటారుగా అమ్మా."

"వాళ్లు పట్టుకునేది వాళ్ల కమీషనండీ. మీ ఆదాయం మీరే చూపించుకోవాలి. ఓసారి కనుక్కోండి."

మిషనక్క వేళ్లమీద లెక్కేసుకుంది. గది అద్దెకివ్వడం మొదలెట్టి రెండేళ్లు దాటింది. ఒక్కసారీ చూపించలేదు. ఆ రోజు కుట్టిన చొక్కాకు రెండు వైపులా ఎడమ చెయ్యే పెట్టింది.

"ఇంతమందిలో నిన్నెవరు పట్టించుకుంటారక్కా? నోరు మెదపకుండా ఊరుకో" అంది చెల్లెలు.

ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. వాకిట్లో బండి ఆగితే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. తిండి సయించలేదు. చివరికి, ఏమైతే అదయిందని, బ్యాంకు కాగితాలూ, సబ్బుల దగ్గర్నుంచి రంగుల దాకా కొన్న బిల్లులూ సంచిలో కుక్కుకుని పన్నుల ఆఫీసుకు వెళ్లింది.

అక్కడి ఉద్యోగిని ఆ కాగితాలు చదువుతున్నంతసేపూ మిషనక్క ఆమె కనుబొమల వంకే చూస్తూ కూర్చుంది.

"నోటీసేమైనా వచ్చిందా?"

"లేదమ్మా. నేనే వచ్చాను. లోపలేస్తారేమోనని ఇంటి తాళం పక్కింటి పిన్నిగారికిచ్చి మరీ వచ్చాను."

ఉద్యోగినికి నవ్వాగలేదు. "మేం పిలవకముందే వచ్చారు కాబట్టి జరిమానా ఉండదు. కట్టాల్సిన పన్ను, దానిమీద కాస్త వడ్డీ, అంతే. గది కోసం పెట్టిన ఖర్చు ముందు ఆదాయంలోంచి తీసేద్దాం. ఈ దుప్పట్లు గదికేనా?"

"గదికే. ఆ ఎర్రది మటుకు నాది."

"అయితే దాన్ని ఖర్చులోంచి కొట్టేస్తాను."

తేలిన మొత్తం ఆమె భయపడినదానిలో సగం కూడా లేదు. విడతలుగా కట్టొచ్చని కూడా చెప్పి, ఇకమీదట ప్రతి అద్దెలోనూ కొంత పక్కన పెట్టుకుని ఏటా లెక్క చూపించమంది ఉద్యోగిని.

బయటికి వచ్చిన మిషనక్క మెట్లమీద కూలబడి చెల్లెలికి ఫోను చేసింది.

"ఏమన్నారక్కా?"

"ఏమీ అనలేదే. ఏటా రమ్మన్నారు."

అంటూనే కళ్లు తుడుచుకుంది. ఆకలి అప్పుడు తెలిసింది. ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.