నల్లోడి మీది బూడిద

ఈ మాట మోయడం మొదలుపెట్టినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఇప్పుడు ఎనభై దాటాయి. ఈ మధ్యలో పెళ్లాం పోయింది, పళ్లు పోయాయి, చూపు సగం పోయింది. ఇది మాత్రం పోలేదు. మింగలేక, కక్కలేక ఇన్నేళ్లు గడిపాను. నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ని కదా.

నవ్వుతావేమో కూడా. ఆ రోజుల్లో నల్లగొండ జిల్లాలో ఊళ్లు కాలిపోయాయి, కన్నబిడ్డలు కళ్లముందే పోయారు. ఈ ముసలోడేమో ఒక పొట్టేలు కోసం ఏడుస్తున్నాడు అనుకుంటావు. అనుకో. కానీ చివరిదాకా చదివి అనుకో.

మాది దేవరకొండ వైపు చిన్న ఊరు. మేం గొర్రెలు కాసే కురుమలం. మావన్నీ నల్ల గొర్రెలు. వాటి బొచ్చు వడికి గొంగళ్లు నేసేవాళ్లం. ప్రతి పండక్కీ, ప్రతి పెళ్లికీ దొర గడికి ఊరికే పొట్టేళ్లు తోలాలి. దొర మనుషులే వచ్చి ఏరుకునేవారు. ఏది ఎత్తుగా ఉంటే అది, ఏది బలంగా ఉంటే అది. మా తాత చిన్నప్పుడు పొట్టేలు మనిషి నడుము దాకా వచ్చేదట. మా నాయన నాటికి తొడ దాకా వచ్చింది. నా నాటికి మోకాలి మీదికి కాస్త. గడ్డి తగ్గిందనీ కాలం పాడైందనీ అనుకునేవాళ్లం. అది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. నక్క కుంటిదాన్ని పట్టుకుపోతుంది, కరువు బక్కదాన్ని తీసుకుపోతుంది, మిగిలిన గట్టివి పిల్లల్ని కంటాయి. అడవిలో జరిగేది అది. దొర దాన్ని తిరగేశాడు. గట్టివి గడి వంటింట్లోకి పోయాయి, పొట్టివి మందలో మిగిలి పొట్టివాటినే కన్నాయి.

ఎవరూ చెప్పకుండానే దీన్ని కనిపెట్టిన మనిషి మా ఊళ్లో ఒక్కతే. ఎల్లవ్వ, మా చిన్నాయన భార్య. నాకు చిన్నమ్మ. మొగుడు పోయాక ఒక్కతే మందను సాకింది. ఎప్పుడూ ఒక మేలైన పొట్టేలును విత్తనానికి దాచేది. గుట్టల్లో కాదు, అందరి కళ్లముందే. ఆముదం తీయగా మిగిలిన పిప్పిలో బూడిద కలిపి దాని ఒంటికి దట్టంగా పట్టించేది. గజ్జి పట్టినట్టు కనిపించేది. ముందు కాలికి చింకి గుడ్డ కట్టేది. దొర మనుషులు ముక్కు మూసుకుని దాన్ని దాటిపోయేవారు. ఊళ్లోని మందలన్నిటి మేలూ ఆ ఒక్క గజ్జి పొట్టేలు మీద నడిచేది. నేను చెబుతున్న నాటి పొట్టేలు పేరు నల్లోడు.

దొరలకు ఎదురు తిరిగిన సంఘం ఊళ్లోకి వచ్చాక దొర పట్నానికి పారిపోయాడు. రెండేళ్లు ఎవరూ మమ్మల్ని గొర్రెలు అడగలేదు. చిన్నమ్మ నల్లోణ్ని వాగులో కడిగి, కాలిగుడ్డ విప్పేసింది. ఆ రెండేళ్లలో పుట్టిన పిల్లల్ని నువ్వు చూడాల్సింది. ఆరు నెలలకే తల్లుల ఎత్తు వచ్చాయి. సంఘం పెట్టిన బడిలో నేను అక్షరాలు దిద్దుకున్నదీ అప్పుడే.

తర్వాత నిజాం మీద పోలీసు చర్య జరిగింది. రజాకార్లు పోయారని మేం డప్పు కొట్టిన నెలకే, సైన్యం బండ్ల వెనక దొర మళ్లీ వచ్చాడు. గడిలో విందు అన్నారు. పది పొట్టేళ్లు కావాలన్నారు. చిన్నమ్మ ముందురోజే మళ్లీ బూడిద కలిపింది. నల్లోడి కాలు నేను పట్టుకుంటే ఆమె గుడ్డ కట్టింది.

నాకూ ఒక పొట్టేలుంది. బుడ్డోడు. తల్లి చచ్చిపోతే నా భార్య మేకపాలు పట్టి బతికించింది. అది మా వెంట కుక్కపిల్లలా తిరిగేది. మంచిదే, కానీ నల్లోడి కాలిగోటికి చాలదు. దాని గురించి ఇంకొకటి తెలుసు, నాకొక్కడికే. వరసకు దాని చెల్లెలయ్యే గొర్రెకు దానివల్ల రెండు పిల్లలు పుట్టాయి. రెండింటికీ కింది దవడ పొట్టి. పాలు చీకలేక మూడో రోజుకు చచ్చాయి. ఎవరికీ చెప్పకుండా వాటిని పూడ్చేశాను.

ఏరుకునే రోజు వచ్చింది. మందలన్నీ ఒక్కచోటికి తోలించారు. తొమ్మిది ఏరారు. సంఘం కాలంలో ఎదిగిన ఎత్తు పొట్టేళ్లన్నీ అందులోనే పోయాయి. పదోదానికి దొర మనిషి బుడ్డోడి కొమ్ము పట్టుకున్నాడు. దడి దగ్గర నా భార్య నిలబడి ఉంది, ఏడో నెల. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పక్కనే ఉన్న నల్లోణ్ని అడ్డు తప్పిస్తున్నట్టు, దాని మెడ మీద అరచేయి పెట్టి తోకదాకా గట్టిగా లాగాను. నల్లోడు కదల్లేదు. రోజూ ఎరిగిన చెయ్యే కదా. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని ఊరికే అనలేదు. బూడిద పెళ్లలు పెళ్లలుగా రాలింది. కింద నల్లటి బొచ్చు ఎండలో నిగనిగలాడింది.

కావాలనే చేశానా? చెయ్యి దానంతటదే పోయిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను, భార్య ముఖం చూసి మతి తప్పిందనీ, పొట్టేలు నిజంగానే అడ్డంగా ఉందనీ, ఇంకా ఏవేవో. కాదు. కావాలనే చేశాను. చెయ్యి పెట్టేముందు అటూ ఇటూ చూశాను. తప్పు చేయనివాడు అటూ ఇటూ ఎందుకు చూస్తాడు?

దొర మనిషి బుడ్డోడి కొమ్ము వదిలేసి నల్లోణ్ని పట్టుకున్నాడు. దొరనే మోసం చేస్తావా అంటూ చిన్నమ్మ మీదికి కర్ర ఎత్తాడు. ఆమె ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగింది. ఆ చెయ్యి మళ్లీ సరిగ్గా అతకలేదు. ఊళ్లో అందరికంటే సన్నగా బొచ్చు వడికే మనిషి ఆ తర్వాత దారం తీయలేదు.

పొద్దుగూకే వేళకు చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. విరిగిన చేతిని కొంగులో వేసుకుని గడపమీద కూర్చుంది.

"నీదన్న మిగిలింది కొడుకా, గదే సాలు. నా గొర్లను గూడ నీ మందల కలుపుకో. ఇత్తనం పోవద్దు."

"చెయ్యి జర సూపెట్టు చిన్నమ్మా, ఆకు కడత."

"చెయ్యిదేమున్నదిరా. నా ఫికర్ గది గాదు. గంత గట్టిగ పూసిన బూడిద గట్లెట్ల రాలెనో సమజయితలేదు."

"ఎండకు ఎండి రాలినట్టుంది."

ఆమె నా ముఖంలోకి చూసింది. "గంతేనేమో" అని లేచి వెళ్లిపోయింది.

ఆమెకు తెలుసా? తెలిసి ఊరుకుందా? ఆ చూపు ఎంతసేపు ఉందో, ఎలా ఉందో తలచుకోని రోజు లేదు. ఒకరోజు అది నమ్మిన చూపనిపిస్తుంది, ఒకరోజు అన్నీ తెలిసిన చూపనిపిస్తుంది. ఏది నిజమైనా నాకు నిద్ర పట్టదు.

విత్తనపు పొట్టేలును రెండు మూడేళ్లకోసారి పక్క ఊళ్లవాళ్లతో మార్చుకోవడం మా ఆనవాయితీ. కానీ ఆ రోజుల్లో దారి పొడవునా సైన్యం క్యాంపులే. మందతో ఊరు దాటితే అడవిలోని సంఘం దళాలకు తిండి తీసుకుపోతున్నావని పట్టుకునేవారు. ఊళ్లో మిగిలినవాటిలో విత్తనానికి పనికొచ్చేది ఒక్కటే, కాబట్టి అన్ని మందలకూ బుడ్డోడే దిక్కయ్యాడు. తర్వాత బుడ్డోడి కూతుళ్ల మీద బుడ్డోడి కొడుకులు. పూడ్చిపెట్టిన ఆ రెండు పిల్లల సంగతి అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెబితే, అలాంటిదాన్ని ఎందుకు మిగిల్చావని అడుగుతారని భయం. నేను మిగిల్చినట్టు ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. అయినా భయమే. పైగా నీ పొట్టేలు వల్లే బతికామని అందరూ నన్ను పొగుడుతున్నారు. ఆ పొగడ్త తియ్యగా ఉందని ఒప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గేస్తోంది.

నాలుగో ఏడు గొర్రెలు ఈనే కాలంలో మందమందకూ పొట్టి దవడ పిల్లలు పుట్టాయి. తల్లుల పొదుగులు నిండుగా ఉన్నాయి, పిల్లలు పట్టుకోలేక చస్తున్నాయి. కులపెద్దలు కూర్చున్నారు. లేని రోగం ఉన్నట్టు చూపితే దేవుడు ఉన్న రోగమే ఇస్తాడన్నారు. గజ్జి వేషం వేసింది ఎల్లవ్వ కాబట్టి పాపం ఎల్లవ్వదేనన్నారు. మా కులదేవుడు బీరప్ప పండుగలో ఇకమీదట ఆమె బోనం ఎత్తకూడదన్నారు. నేను అక్కడే కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆమె చచ్చిపోయేదాకా ప్రతి పండక్కీ గుడి బయట, వంకర చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నేను లోపల డోలు కొట్టేవాణ్ని.

మందలు చిక్కిపోయాయి. చాలామంది గొర్రెలమ్మేసి కూలికి పోయారు. నేను జడ్చర్లలో పశువుల దవాఖానలో అటెండరుగా చేరాను. ఒకసారి ఎవరో అలాంటి పిల్లనే తెచ్చారు. డాక్టరు వాళ్లకు ఓపిగ్గా చెప్పాడు. పిల్లకు తల్లి నుంచి ఒక వంతు, తండ్రి నుంచి ఒక వంతు వస్తుందట. లోపం ఒక వంతులోనే ఉంటే బయటపడదు, తరాల తరబడి దాక్కుంటుంది. రెండు వంతుల్లోనూ కలిసినప్పుడే కనబడుతుంది. ఒకే పొట్టేలు సంతానాన్ని తమలో తామే కలుపుతూ పోతే అది కలవక తప్పదు. దేవుడి శాపం కాదు, ఎవరి పాపమూ కాదు అన్నాడు. నేను దవాఖాన వెనక్కి పోయి గోడకు తల ఆనించి ఏడ్చాను. చిన్నమ్మ పాపం కాదని ఆయన తేల్చేశాడు. నాది కాదని ఎలా చెప్పగలడు?

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, వచ్చే బీరప్ప పండక్కి ఊరి పిల్లలు నన్ను పిలిచారు. ఊళ్లో మిగిలిన నాలుగు గొర్రెలూ బుడ్డోడి సంతతేనని, గడ్డుకాలంలో విత్తనం కాపాడిన పెద్దమనిషని దండ వేస్తారట. పిలవడానికి వచ్చింది ఎల్లవ్వ మనవరాలు. తన అవ్వ నా పేరు తరచూ చెప్పేదని అంది. ఏమని చెప్పేదమ్మా అని అడగబోయాను. అడగలేక చాయ్ గ్లాసు తన ముందుకు జరిపాను. ఆ పిల్ల చాయ్ తాగి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి అన్నం సయించడం లేదు. దండ వేయించుకుంటానో, ఈ కాగితం ఆ పిల్ల చేతిలో పెడతానో ఈ నిమిషానికి కూడా తెలియదు. క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. ఉన్నా అడిగే మొహం నాకు లేదు. ఆమె గడపమీద కూర్చుని అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు మాత్రం బాకీ ఉంది. అది ఇక్కడ రాస్తే చాలు, నా ఊపిరి కాస్త ఆడుతుంది.

చిన్నమ్మా, గా బూడిద ఎండకు రాలలె. నేనే తుడిచిన.